ఆచారమును, నవోత్సాహమును: ఆంధ్ర క్రైస్తవసంఘమునకు మా మనవి

తిరువూరు ప్రాంతమున, మధిర పొలిమేరకు చేరువగా గంపలగూడెము గలదు. కట్లేరు వాగు పాఱు సీమ అది; మామిడితోటలును, ప్రత్తి మిరప చేలును గల సీమ. సమీపమందలి నెమలి గ్రామమున వేణుగోపాలస్వామివారి కోవెలకు దూరప్రాంతములనుండి భక్తులు వచ్చుచుందురు. ఆదివారమునాటి ఉదయమున ఇట్టి ఊళ్లలో పల్లెవైపు నడచువారికి రెండు ధ్వనులు వినవచ్చును. ఒకటి దొరల కాలమునాటి ప్రాత దేవాలయపు గంట. రెండవది ఱేకుల పాకక్రింద క్రొత్తగా వెలసిన ప్రార్థనామందిరపు ధ్వనివర్ధకము. మొదటిచోట తలనెఱసినవారు అచ్చుపుస్తకము చేతబట్టి తాతలనాటి క్రమము తప్పక ఆరాధన సలుపుదురు. రెండవచోట యువకులు వాద్యఘోషల నడుమ కన్నీళ్లతో ప్రార్థింతురు. ఈ రెండు కట్టడములకు నడుమ దూరము కొద్ది గజములే కావచ్చును. కాని ఒకరు రెండవవారిని నిన్నమొన్న పుట్టినవారని ఈసడింతురు. రెండవవారు మొదటివారిని ఆత్మ చచ్చినవారని నిందింతురు. ఒకే ఇంట తండ్రి యొకచోటికిని, కుమారుడు మఱియొకచోటికిని పోవుటయు కలదు.

మా పాఠకులలో పెక్కండ్రు క్రైస్తవులు కారు. ఇతరుల ఇంటి తగవుతో మనకేమి పని యని వారడుగవచ్చును. పని కలదని మేము చెప్పుదుము. ఆ పల్లెలలోనివారు మన పొలములలో నాట్లు వేసినవారు, కోతలు కోసినవారు. మన ఊరి ప్రజలే. వారి సంఘము నెఱ్ఱగా నిలిచినచో ఊరు బాగుపడును. అది చీలికలై చెడినచో ఆ చెఱుపు ఊరి కంతకును తగులును. అంతేకాదు. ప్రాతదానిని కాపాడుటెట్లు, క్రొత్త ఉత్సాహమునకు చోటిచ్చుటెట్లు అను ప్రశ్న ఒక్క క్రైస్తవులదే కాదు. కోవెల ధర్మకర్తలకును, మఠాధిపతులకును, మసీదు పెద్దలకును ఉన్న ప్రశ్న యిదియే. ఆంధ్రదేశమున క్రైస్తవసంఘము ఈ ప్రశ్నకు ఒకప్పుడొక సమాధానము చెప్పినది. నేడు దానిని ఉభయపక్షములవారును మఱచుచున్నారని మా యభిప్రాయము.

పూర్వవృత్తాంతమును కొంత తలచుకొందము. 1841వ సంవత్సరమున రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఆంగ్లేయులు బందరున దిగి చర్చి మిషనరీ సొసైటీవారి తెలుగుమిషనును స్థాపించిరి. అగ్రవర్ణములవారి బిడ్డలకు ఇంగ్లీషు చదువు చెప్పినచో, పైనుండి క్రిందికి సువార్త ప్రవహించునని నోబిలుగారి తలంపు. ఇరువది నాలుగేండ్లు స్వదేశమునకు మఱలక పాటుపడి 1865లో ఆయన బందరుననే మరణించెను. ఆయన పాఠశాలలో చదివిన హిందువులు పెద్ద ఉద్యోగములకు వచ్చిరి. కృతజ్ఞతతో ఆయనను స్మరించిరి. కాని 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందినంతనే తలిదండ్రులు భయపడి పాఠశాలను ఖాళీచేసిరి. తరువాతను మతము పుచ్చుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. చదువు నిలిచినది, అగ్రవర్ణములనుండి సంఘము మాత్రము ఎదుగలేదు.

సంఘము ఎదిగినది వేఱొక దిక్కునుండి. బెజవాడ ప్రాంతమునందలి రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాలకులస్థుడుండెను. యౌవనమున దోపిడులు చేసినవాడని ప్రతీతి. విగ్రహములు దేవుడు కావను మాట ఆయన చెవినిబడి, పేరు తెలియని ఆ పెద్ద దేవుని తనకు చూపుమని ఏండ్లతరబడి ప్రార్థించెను. 1859లో బెజవాడలో డార్లింగుదొరగారిని చూచి, తాను వెదకినది దొరకినదని బంధుమిత్రులతో గూడ బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట రాఘవాపురము చుట్టుపట్ల పల్లెలకు పల్లెలే కదలినవి. దొర వెదకికొని పోయి వెంకయ్యను పట్టలేదు. వెంకయ్యయే వెదకికొని వచ్చి దొరను పట్టెను. మిషనువారి యేర్పాటుకంటె ముందుగా, చదువురాని ఒక పల్లీయుని ఆకలి నడచినదని మేము గ్రహింపవలసియున్నది.

దక్షిణమున ఒంగోలు ప్రాంతమందును ఇట్లే జరిగినది. అమెరికా బాప్తిస్టు మిషనుకు చెందిన క్లవుదొరగారికి ముందు, మాదిగలలో యోగసాధనచేసి గురువను పేరొందిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య యుండెను. ఆయన క్రైస్తవుడై తనవారిని వెంటబెట్టుకొని వచ్చెను. 1876-78 నాటి మహాక్షామమున క్లవుదొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున గుత్తతీసికొని వేలమందికి పని చూపిరి. కాని అన్నమునకై మతము పుచ్చుకొన్నారను మాట రాకూడదని క్షామకాలమున బాప్తిస్మములను నిలిపివేసిరి. పిమ్మట 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మయొద్ద వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బియ్యపు క్రైస్తవులని తేలికగా ఎగతాళి చేయువారు ఈ వృత్తాంతమును తెలిసికొనుట మంచిది. మన ఊరి చెఱువులో నీళ్లు ముట్టనీయక, మన వీథిలో చెప్పులతో నడువనీయక మనము త్రోసిపుచ్చినవారిని ఒకడు పేరుపెట్టి పిలిచినాడు, వారు పోయినారు. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. సిగ్గుపడవలసినది మాత్రము కలదు.

అయితే ఏ ఉత్సాహమైనను ఒక తరము గడచునప్పటికి ఆచారమై గడ్డకట్టును. కదలివచ్చిన పల్లెలకు పాఠశాలలు, ఆవరణలు, జీతగాండ్రైన ఉపదేశులు ఏర్పడిరి. దొర తండ్రియయ్యెను, సంఘము పెరుగుటకు మాఱుగా బిడ్డగనే యుండిపోయెను. జీతము సీమనుండి వచ్చును, పాట సీమనుండి వచ్చును, గోపురపు ఆకృతియు సీమనుండియే వచ్చును. సువార్త చెప్పుట దొరయొక్కయు, ఉపదేశియొక్కయు ఉద్యోగమను భావము నాటుకొన్నది. తక్కినవారి పని ఆదివారమున వచ్చి కూర్చుండుట. జాతీయాభిమానులు నాడు క్రైస్తవులను పరాయివారిగా చూచుటకు ఈ స్థితి చాలవఱకు కారణము.

ఇట్టి సమయమున వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు వచ్చిరి. 1874లో తిరునెల్వేలి మండలమందలి ఒక పల్లెలో గ్రామగురువునకు జన్మించిన తమిళుడు. 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘమును, 1905లో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ముఖ్యుడు. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులతో, భారతీయుల యాజమాన్యముననే మతప్రచారము జరుగవలెనని ఆ సంఘముల నియమము. వంగదేశమున స్వదేశీ ఉద్యమము చెలరేగిన సంవత్సరమే ఈ రెండవ సంఘము పుట్టినదని పాఠకులు గమనింతురు గాక. ముప్పదియైదేండ్ల ఈడున నైజాము రాజ్యములోని డోర్నకలునకు వచ్చి, తెలుగు అక్షరాభ్యాసము చేసికొని, ఎడ్లబండిమీద పల్లెలు తిరిగెను. 1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభయందు నిలువబడి, మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములిచ్చితిరి, కాని సమానులుగా స్నేహమీయలేదని దొరల యెదుటనే నిర్మొగమాటముగా చెప్పెను. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లేయసంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయుడాయనయే. తరువాత కృష్ణామండలమందలి సంఘములు కూడ డోర్నకలు అధ్యక్షఖండమున చేరెను. గంపలగూడెము సీమకు ఇటు బెజవాడయు అటు ఖమ్మముమెట్టును మిషను కేంద్రములు. ఆయన చేసిన పని ఈ సీమకు పొరుగింటి చరిత్ర.

ఆయన చేసినదేమి? ప్రాత క్రమమును త్రోసివేయలేదు. ప్రార్థనపుస్తకము, బాప్తిస్మపు పట్టీ, గురువుల పరంపర, ప్రభుభోజనము అన్నియు నిలిపెను. ఆ క్రమములోనికే క్రొత్త ప్రాణము నూదెను. బాప్తిస్మము పొందిన ప్రతి పురుషుడును, ప్రతి స్త్రీయును సాక్షియే యని బోధించెను. సంవత్సరమున నొక వారము సాక్ష్యపువారమని యేర్పఱచి, ఆ దినములలో సంఘము సంఘమంతయు, అక్షరములు రాని కూలివారితో సహా, పొరుగు గ్రామములకు పోవునట్లు చేసెను. ఉపదేశి నోటినుండి జీతపుమాట వచ్చినదని వినక పోయినవారు, నిన్నటివఱకు త్రాగి తగవులాడిన పాలేరు నేడు త్రాగుడు మానినాడని కన్నులార చూచిరి. పల్లెలోని ఈ మార్పును చూచి 1930 ప్రాంతమున కొన్ని గ్రామములందు శూద్రవర్ణములవారు కూడ సంఘమున చేరుట ఆరంభమైనది. నోబిలుగారు పైనుండి క్రిందికి ప్రవహించుననుకొన్నది క్రిందినుండి పైకి ఊరినది. ఆయన అధ్యక్షత ముగియునప్పటికి ఆ ఖండమందలి క్రైస్తవులు రెండులక్షలు దాటిరి.

రెండవది, ఇచ్చుట నేర్పెను. పూటపూటకు వండుకొను గింజలలో పిడికెడు తీసి వేఱుగా నుంచుట, తొలిపంటను, తొలియీత దూడను, కోడిగ్రుడ్లను సమర్పించుట, కోతపండుగ సలుపుట. కూలివాని పిడికెడు బియ్యముతో గురువునకు జీతమేమి వచ్చునని నవ్వినవారుండిరి. కాని తన పిడికెడు అందులో పడినవాడు ఆ గుడి నాదియని అనగలడు. ధర్మము పుచ్చుకొన్నవాడు అనలేడు. స్వరాజ్యమునకు అర్థమేమని మమ్మడిగిన వారికి మేము వేఱు వ్యాఖ్యానము చెప్పనక్కఱలేదు.

మూడవది, దేశపు రూపమును గైకొనెను. సుమారు ఇరువదియైదేండ్లు శ్రమించి కట్టి 1939 జనవరి 6వ తేదీని ప్రతిష్ఠించిన డోర్నకలు మహాదేవాలయమును చూచినవారెఱుగుదురు. గుమ్మటములు మహమ్మదీయశిల్పము, స్తంభములు మన కోవెలల పోలిక, ఆ స్తంభములు పండ్రెండు, అపొస్తలుల సంఖ్య. జాతరలు, భజనలు, కోలాటములు సంఘమున చోటుచేసికొనెను. పాటవిషయమున ఈ పని అంతకుముందే ఆరంభమైనది. 1803లో జన్మించి 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కర్ణాటక రాగములలో సాగి, నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నిలిచి పల్లెపల్లెలో మ్రోగుచున్నవి. ఇవన్నియు సంప్రదాయమా, నవీనమా? క్రైస్తవునికి నవీనము, ఆంధ్రునికి సంప్రదాయము. రెండును ఒకచోట కలిసినందుననే అవి నిలిచినవి.

అజరయ్యగారితో జాతీయపక్షమునకు తగవు లేకపోలేదు. 1936-37 సంవత్సరములలో సామూహిక మతాంతరీకరణములను గాంధీమహాత్ముడు హరిజన పత్రికయందు తీవ్రముగా విమర్శించెను. హరిజనులు తమ మనసు తామెఱుగనివారైనట్లు ఇతరులు మాటలాడరాదని బిషప్పుగారి పక్షము. దరిద్రుని నిస్సహాయతను మతప్రచారమునకు సాధనముగా చేసికొనరాదను గాంధీజీ మాట ఎన్నటికిని త్రోసివేయరానిది. కాని దరిద్రునికిని అంతరాత్మ కలదనుటయు త్రోసివేయరానిదే. ఎనుబదియేండ్ల పైబడిన ఈనాడు ఇరువురి మాటలును చదువుకొని ఇరువురినుండియు నేర్చుకొనుట మనకు తగును. ఒక సంగతి మాత్రము సత్యము. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నమున అజరయ్యగారు ప్రముఖులు. సీమలో పుట్టిన తగవులతో చీలిన సంఘములు ఈ దేశమున ఏకవాక్యముగా సాక్ష్యమీయజాలవని ఆయన వాదము. 1945 జనవరి 1వ తేదీని ఆయన మరణించెను. స్వాతంత్ర్యము వచ్చిన ఆఱువారములకు, 1947 సెప్టెంబరు 27వ తేదీని, మద్రాసున దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. చీలికలు మాని ఒకటియగుట కూడ ప్రచారోత్సాహమునుండియే పుట్టినదని నేటి ప్రచారకులు మఱువరాదు.

తరువాతి కథ అందఱెఱిగినదే. ఐక్యసంఘము స్థిరపడెను, స్థిరపడినది మరల గడ్డకట్టెను. ఉత్సాహము గోడ వెలుపల వెలసినది. 1903లో పంజాబున సిక్కుల యింట పుట్టిన భక్తసింగుగారు 1950లో హైదరాబాదున హెబ్రోను స్థాపించిరి. చెప్పులు విడిచి, నేలమీద కూర్చుండి, గంటలతరబడి దేశీయఫణితిని ఆరాధించుట, కలసి భుజించుట, సాంవత్సరికమైన మహాసభలు వారి పద్ధతులు. అవి వేలమంది ఆంధ్రుల నాకర్షించెను. 2000లో ఆయన మరణించువఱకును ఆ ఆకర్షణ తగ్గలేదు. మలయాళదేశమునుండి వచ్చిన పెంతెకోస్తు బోధకులు మఱియొక ప్రవాహమును తెచ్చిరి. రోమను కతోలికులు వేఱొక మార్గమున నడచిరి. 1924లో ఆరంభమైన విజయవాడ గుణదల మాత క్షేత్రమునకు ఏటేట ఫిబ్రవరిలో జాతరవలె జనము తరలివచ్చుచున్నది. ఈ విధములన్నిటిని చూడగా, తెలుగువాని భక్తికి పాట కావలెను, యాత్ర కావలెను, నలుగురితో పంక్తిభోజనము కావలెను అని తేటపడుచున్నది. ప్రాతసంఘము వీనిని తానే ఒకప్పుడు ఇచ్చెను. ఇచ్చుట మానినచోట ఇతరులిచ్చిరి.

ఇప్పుడు ఉభయుల లోపములను దాచక చెప్పెదము. ప్రాతసంఘమువారలారా, మీ చేత నున్నది నూటయెనుబదియేండ్ల ఆస్తి. పాఠశాలలు, ఆసుపత్రులు, విశాలమైన ఆవరణలు. వానిని కట్టినవారు పల్లెలను తలచి కట్టిరి. నేడు వానిని గుఱించి న్యాయస్థానములలో జరుగు తగవులకు వెచ్చించు కాలములోను, ధనములోను పదవవంతయినను పల్లెలకు పోవుటకు వెచ్చించుచున్నారా? ఎన్నికలలో పక్షములు కట్టుట, పదవులకై పోరుట సంప్రదాయము కాదు. సంప్రదాయమునకు పట్టిన చెదలు. గురువు నెలకొకమాఱు వచ్చి క్రమము చదివి పోయినచో, రోగి మంచముప్రక్క ఒకడు కూర్చుండి ప్రార్థించుచోటికి జనులు పోవుట వింతయా? మీ యువకులు సంప్రదాయమును విడిచిపోలేదు. తమను పలుకరించువారిని వెదకికొని పోయిరి.

క్రొత్తబోధకులారా, మీ ఉత్సాహమును మేము శంకింపము. త్రాగుబోతు మగని మార్చి ఇల్లు నిలిపినారని ఎందఱో స్త్రీలు మిమ్ము దీవించుట మేమెఱుగుదుము. కాని మీలో పలువురికి లెక్క చెప్పవలసిన పెద్దలు లేరు. కానుకల కొక చిట్టా లేదు. బోధకుడు తప్పినచో దిద్దువాడు లేడు. మందిరము ఒక కుటుంబము పేరిటనుండి తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. వ్యాధి తప్పక కుదురునని వాగ్దానముచేసి మందు మాన్పించుట పాపము. పొరుగువాని దేవుని తిట్టుట సువార్తయు కాదు, మర్యాదయు కాదు. ఊరు నిద్రించువేళ ధ్వనివర్ధకమును మ్రోగించుట భక్తియు కాదు. ఈ మాట కోవెలలకును, మసీదులకును సమముగనే చెప్పుచున్నాము. మీరు పరిహసించు ప్రాత క్రమమున ఒక గొప్ప మేలు కలదు. అది బోధకుని గొప్పదనమునకు హద్దు పెట్టును. బోధకుడు పోయినను సంఘమును నిలుపును.

ఉభయులకును తగిలిన రోగమొకటి కలదు, కులము. మాలల గుడియని, మాదిగల గుడియని వేఱుగా కట్టుకొనుట, పెండ్లి సంబంధములలో కులము చూచుట ప్రాతసంఘమునను తీఱలేదు, క్రొత్తదానను తీఱలేదు. దీనిపై రాజశాసనపు చిక్కొకటి. 1950 ఆగస్టు 10వ తేదీని వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూలు కులముల సౌకర్యములను హిందువులకే పరిమితము చేసెను, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును వర్తింపజేసిరి, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఒక్క శాతముతో తృప్తిపడవలసియున్నది. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఈ భేదమును తొలగింపుమనెను. 2022లో బాలకృష్ణన్ కమిషనును నియమించిరి. ఈలోగా పల్లెలోని యువకుడు గుడిలో ఒక పేరును, కాగితములో మఱియొక పేరును ధరించి, బాప్తిస్మపు పట్టీలో చేరుటకు భయపడి జీవించుచున్నాడు. సాక్ష్యమును గుఱించి ఇరుపక్షములును ఎంత బోధించినను, తన పేరు తాను చెప్పుకొనుటకే జంకువాడు సాక్షియగుటెట్లు? బాప్తిస్మముతో వాని అంటరానితనము ఊరిలో తీఱలేదు. అణగద్రొక్కుటలో ఊరు మతమడుగదు. ఆదుకొనుటలో శాసనము మతమడుగుట న్యాయము కాదని మా నిశ్చితాభిప్రాయము.

కాబట్టి మా మనవి యిది. ప్రాతసంఘము తన తలుపులను, తన లెక్కలను తెఱువవలెను. ప్రతి సంఘపు ఆయవ్యయములు ఏటేట సభయెదుట చదువవలెను. సాక్ష్యపువారము, పిడికెడు బియ్యము, కోతపండుగ పేరునకు కాక పనిగా పునరుద్ధరింపబడవలెను. క్రొత్తమందిరములవారు పెద్దల కూటమి నేర్పఱచుకొని, లెక్కలు వ్రాసి, వైద్యునియందును పొరుగువానియందును గౌరవము నేర్పవలెను. ఒక గ్రామమందలి సంఘములన్నియు ఏడాది కొకమాఱైనను, కోతపండుగనాడు, మాలపల్లెయు మాదిగపల్లెయు ఒకే పంక్తిని కూర్చుండి భుజింపవలెను. అట్టి పంక్తి యొకటి సాగిన ఊరిలో నూఱు ఉపన్యాసములకు పని యుండదు.

గంపలగూడెపు సీమయందలి భూస్వాములకును, పట్టణవాసులైన మా తక్కిన పాఠకులకును తుదిమాట. చాల గ్రామములలో క్రైస్తవులకు మృతులను పూడ్చుకొన తగిన చోటు లేదు; ఉన్నచోటికి దారి లేదు; వానకాలమున పాడె మోసికొని వాగుగట్లవెంట పోవలసివచ్చుచున్నది. ఒక ఎకరము భూమిచ్చుట, ఒక డొంకను విడిచిపెట్టుట మనకు భారము కాదు. వారి మతముతో మనము సమ్మతింపకపోవచ్చును. మన చేలలో వంగిన నడుములకు తుదకు ఆఱడుగుల నేలయైనను మర్యాదగా దొరకవలెనని సమ్మతింపనివాడుండడు. క్రైస్తవసంఘము తన ఇల్లు తాను చక్కదిద్దుకొనును గాక. ఆ పల్లెలను ఒకనాడు వెలుపలికి త్రోసిన మన ఇంటిని మనమును చక్కదిద్దుకొందము గాక.